ఊఁ కొట్టిన ఊరు

జీలుగువలసలో వంతల రత్న చదివినంత చదువు ఇంకెవరూ చదవలేదు. చదివి ఏం చేస్తోందయ్యా అంటే, తాత గాసితో కలిసి ఎకరన్నర తోటలో కాఫీ పళ్ళు ఏరుతుంది. కొండవాలు మీద సామలు, రాగులు పండిస్తుంది. ఊరికి ఎవరొచ్చినా వాళ్ళ తెలుగుని ఊరివాళ్ళ ఆదివాసీ ఒడియాలోకి, వీళ్ళ ఒడియాని వాళ్ళ తెలుగులోకి మారుస్తుంది. నర్సమ్మ వచ్చినా, బ్యాంకువాళ్ళు వచ్చినా, ఓట్లవాళ్ళు వచ్చినా ముందు "రత్న ఏదీ?" అంటారు. ఈ పనికి జీతం లేదు సరే, పూర్తయ్యాక ఒక్కరూ మంచినీళ్ళు తాగావా అని కూడా అడగరు. పాడేరులో డిగ్రీ చదివిన పిల్ల కొండ మీద ఉండిపోయిందేమిటని జాలిపడేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ జాలి వాళ్ళ దగ్గరే ఉంచుకోమంటుంది రత్న.

ఈ కథ అర్థం కావాలంటే ముందు ఆ ఊరి అలవాటొకటి తెలియాలి. జీలుగువలసలో ఎవరు మాట్లాడుతున్నా వినేవాళ్ళు మాటమాటకీ ఊఁ కొడతారు. కథ చెప్పినా ఊఁ, గోడు చెప్పుకున్నా ఊఁ. ఒకసారి సంతలో పశువుల దళారి ఒకడు మందు మీద ఉండి గాసి తాతని నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఆ పెద్దమనిషి కర్ర మీద గడ్డం ఆనించుకుని ప్రతి తిట్టుకీ మర్యాదగా ఊఁ కొట్టాడు. తిట్టేవాడికే విసుగు పుట్టి వెళ్ళిపోయాడు. అక్కడ ఊఁ అంటే నీ మాట నా చెవిని పడింది అని. అంతే, అంతకుమించి గోరంత కూడా లేదు. ఊఁ కొట్టకపోవడం మాత్రం పెద్ద విషయం. నువ్వు నాకు మనిషివి కావు, పో అనడం.

ఇక ఒప్పుకోవడం వేరే పని, దానికి మూడు రోజులు పడుతుంది. మొదటి రోజు వింటారు. రెండో రోజు ఇంట్లో ఆడా మగా మాట్లాడుకుంటారు. మూడో రోజు పొద్దున్నే ఇంటికొకరు గుప్పెడు సామలు పట్టుకుని ఊరి మధ్య దేవత రాయి దగ్గరికి వస్తారు. ఊళ్ళో కబురు మోసే బారికి అక్కడ చేట పెట్టుకుని కూర్చుంటాడు. ఇష్టమైనవాళ్ళు చేటలో గుప్పెడు విప్పుతారు. ఇష్టం లేనివాళ్ళు మూసిన గుప్పిలితోనే ఇంటికి పోయి ఆ సామలు వండుకుంటారు. దాన్ని మాట వేయడం అంటారు.

రత్నకి అయిదేళ్ళప్పుడు తల్లీ తండ్రీ ఒకే వానాకాలం జ్వరాలకి పోయారు. గాసి తాతే పెంచి, హాస్టల్లో వేసి, చివరికి పాడేరు కాలేజీ దాకా పంపాడు. అక్కడ రాజనీతిశాస్త్రం చెప్పేది గణపతిరావు మాస్టారు. విజయనగరం దగ్గరి మనిషి. తెల్ల చొక్కా, చంకలో గొడుగు, జేబులో ఎర్ర అట్ట నోటుపుస్తకం. మొదటి నెలలో రత్న తెలుగుకి క్లాసంతా నవ్వేది. తాతని "వచ్చింది" అనేది, ఆవుని "వచ్చారు" అనేది. ఒకరోజు మాస్టారు చాక్‌పీసు కింద పెట్టి, "ఆ పిల్ల మూడు భాషల్లో ఆలోచిస్తోందిరా. మీరు ఒక్కదాంట్లో వెక్కిరిస్తున్నారు. ఎవరు గొప్ప?" అన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. రత్నకి అంతవరకూ తన తరఫున మాట్లాడిన మనిషి తాత తప్ప లేడు.

ఆయన పాఠం గ్రీకు దేశంతో మొదలయ్యేది. పేర్లు పలికేవారు కాదు. ఏథెన్సు పెద్దాయన, ఆయన శిష్యుడు, అంతే. పుట్టినప్పటినుంచీ గుహలో కట్టేసి ఉంచిన మనుషులు, ఎదురుగా గోడ మీద కదిలే నీడలు, ఆ నీడలే లోకమనుకునే వాళ్ళు. అందులో ఒకడు బయటపడి సూర్యుణ్ణి చూసి తిరిగొస్తాడు. చూసొచ్చినవాడే పాలించాలి అంటాడు పెద్దాయన. నిజం తెలిసినవాడు తెలియనివాళ్ళకి ఒక మంచి అబద్ధం చెప్పినా తప్పు లేదట, వైద్యుడు చేదుమందు తేనెలో కలిపి ఇచ్చినట్టు. దసరా సెలవుల్లో రత్న ఇదంతా తాతకి చెప్పింది. తాత చివరిదాకా ఊఁ కొట్టి, "మరి ఆళ్ళని కట్టింది ఎవులు?" అన్నాడు. సెలవుల తర్వాత ఆ మాటే మాస్టారిని అడిగింది. ఆయన నవ్వేసి, "అది ముఖ్యం కాదమ్మా, ఉపమానం కదా" అన్నారు.

రత్నకి పెద్దాయన కన్నా శిష్యుడే నచ్చాడు. గురువుగారి మీద గౌరవం ఉంది కానీ మాట మాత్రం ఒప్పుకోనన్నాడట. ఇల్లు ఎలా ఉందో కట్టినవాడికన్నా కాపురం ఉన్నవాడికే బాగా తెలుస్తుందన్నాడు. ఒక్కడు వండిన భోజనం కన్నా నలుగురూ తలొకటీ తెచ్చిన విందే మేలన్నాడు. వానాకాలంలో కప్పు ఎక్కడ కారుతుందో గిన్నె పెట్టి చూసుకున్న పిల్లకి ఆ మొదటి మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

అసలు సంగతి రెండో సంవత్సరంలో జరిగింది. మాస్టారు ఒక సంభాషణ చదివి వినిపిస్తున్నారు. గురువు ప్రశ్న అడుగుతాడు, ఎదుటి కుర్రాడు అవునంటాడు. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ నిజమేనంటాడు. నాలుగు పేజీలు తిరిగేసరికి రాజ్యం మొత్తం గురువుగారి చేతిలో ఉంది. రత్నకి నవ్వు ఆగలేదు. రెండో బెంచీలో లేచి నిలబడి, "సార్, ఆ గుంటడు మా ఊరోడిలా ఉన్నాడు. ఊఁ కొడతన్నాడంతే. ఊఁ కొడితే ఒప్పుకున్నట్టేటి?" అంది. మాస్టారు పుస్తకం మూసేశారు. వేదిక దిగి ఆమె బెంచీ దగ్గరికి వచ్చి, ఊఁ సంగతి, మూడో రోజు సంగతి, గుప్పిలి సంగతి, ఊఁ కొట్టకపోతే ఏమవుతుందన్న సంగతి అన్నీ అడిగి ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్నారు. "రెండు వేల నాలుగు వందల ఏళ్ళుగా ఆ పెద్దాయన్ని తప్పుపట్టిన మహామహులున్నారు. వాళ్ళ వరసలో నీకూ ఒక కుర్చీ వేయాలమ్మా రత్నా" అన్నారు. ఆ ఒక్క మాట మీద రత్న పన్నెండేళ్ళు బతికింది. కాఫీ పళ్ళు వేళ్ళని చీల్చిన రోజుల్లో కూడా తనకి ఎక్కడో ఒక కుర్చీ ఉందనుకునేది.

ఆ ఏడే మాస్టారు ఊరు చూస్తానని వచ్చారు. గాసి తాత ఇంట్లో రాగి అంబలి తాగారు, తాత చెప్పిన కథకి పిల్లల మధ్య కూర్చుని ఊఁ కొట్టడం నేర్చుకున్నారు. పైనున్న ఊట దగ్గరికి తీసుకెళితే, గెడ్డ, అంటే కొండవాగు, పుట్టే చోట దోసిలి పట్టి తాగి, "అమృతం" అన్నారు. ఊరు ఆయనకి ఊఁ మాస్టారని పేరు పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ రోజు ఆయన నిజంగానే వాసాలు లెక్కపెట్టి, ఎన్నేళ్ళయింది కట్టి అని తాతని అడిగారు. అప్పుడది ముచ్చటగా ఉంది.

పదవీవిరమణ తర్వాత చాలా ఏళ్ళకి, పోయిన మాఘమాసంలో, మాస్టారు తెల్ల కారులో వచ్చారు. వెంట జగదీష్ అనే మేనేజరు, భుజాన కెమెరా వేసుకున్న ఇంకొక మనిషి. కొండ పైన ఊట చుట్టూ పద్దెనిమిది ఎకరాల్లో రిసార్టు కడతారట. మాస్టారు వాళ్ళకి సలహాదారు. ఊరి సభ ఒప్పుకోనిదే అక్కడ ఒక్క రాయి కూడా కదపడానికి లేదు కాబట్టి సభ పెట్టమన్నారు. ఊఁ మాస్టారు వచ్చారంటే ఊరంతా పని మానుకుని వచ్చింది. రత్న పక్కన నిలబడి మాట మార్చింది.

"రోడ్డు వస్తుంది" అన్నారు మాస్టారు, ఆగారు. రత్న చెప్పింది. ఊరు ఊఁ అంది. "పిల్లలకి బడి వస్తుంది." ఊఁ. "పైన పద్దెనిమిది ఎకరాలు కంపెనీవాళ్ళు తీసుకుంటారు." ఊఁ. "ఊట చుట్టూ కంచె పడుతుంది, మీకు గొట్టంలో నీళ్ళిస్తారు." ఊఁ. "ఇందుకు మీ సభ సమ్మతిస్తోంది." ఊఁ. క్లాసులో గుక్క తిప్పుకోకుండా గంటసేపు మాట్లాడే మనిషి ముక్కముక్కకీ ఆగుతున్నారు. పాపం, నేను మార్చడానికి వీలుగా ఆగుతున్నారు అనుకుంది రత్న. కెమెరా ఎందుకంటే, "జ్ఞాపకం కోసమమ్మా" అన్నారు. "మూడో రోజు వస్తాను" అని కూడా అన్నారు వెళ్ళేటప్పుడు. అలవాటు గుర్తుంచుకున్నారని రత్న పొంగిపోయింది.

మూడో రోజు ఊరు గుప్పిళ్ళతో వచ్చింది. బారికి ఫల్గుణ చేట పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా చూశారు, తెల్ల కారు రాలేదు. రాకపోతే మాత్రం మాట ఆగుతుందా, వేశారు. నలభై రెండు ఇళ్ళలో చేటలో సామలు పోసింది అయిదిళ్ళు. మిగతావాళ్ళు మూసిన గుప్పిళ్ళతో ఇంటికి పోయారు. పోనీలే, మాస్టారు వచ్చినప్పుడు చెప్తే సరి అనుకున్నారు.

రెండు వారాలకి పంచాయతీ గోడ మీద కాగితం అంటించారు. జీలుగువలస గ్రామసభ ఏకగ్రీవంగా అంగీకరించినది, వీడియో సాక్ష్యం జతపరచడమైనది, అభ్యంతరములున్నచో పాడేరులో విచారణకు హాజరు కావలెను. రత్న కాగితం మూడుసార్లు చదివింది. ఆ జగదీష్ ఎవడో మాస్టారిని కూడా మోసం చేశాడు అనుకుంది ముందు. చూడండి మరి, గొంతు తెగినవాడు కూడా కత్తి ఎవరిదా అని చుట్టూ వెతుకుతాడు. మాస్టారికి ఫోను చేసింది. మోగింది, తీయలేదు. నాలుగు రోజులు చేసింది. అయిదో రోజు అవతల పక్క ఎవరో కట్ చేశారు.

ఊళ్ళో చూపులు మారాయి. పక్కింటి రత్నాలు నీళ్ళకి వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఆ మాస్టారిని ఊళ్ళోకి తెచ్చింది నువ్వే కాదేటే? మాట మార్సింది నువ్వే. ఏటని మార్సినావో ఎవులికి ఎరిక?" అంది. ఊట పోతే కింద పొలాలు ఎండుతాయి, అది అందరికీ తెలుసు. కానీ రత్నకి అంతకుముందే ఇంకొకటి పోయింది. పదేళ్ళుగా ఈ ఊరు తన నోటిని నమ్ముకుంది. ఇప్పుడు ఆ నోటి మీద అనుమానం వచ్చింది.

విచారణ రోజు పన్నెండుమంది తెల్లవారగానే జీపులో బయల్దేరి పాడేరు చేరారు. ఆఫీసు ఎదురుగా టీ బడ్డీ దగ్గర మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. రత్నని చూసి పక్కకి జరిగి చోటిచ్చారు. ఆమె కూర్చోలేదు.

"మీకు తెలీకుండా జరిగింది కదా సార్?" అంది. అవునన్న మాట ఆయన నోట వస్తే చాలు, అంతకుమించి ఏమీ అక్కర్లేదన్నట్టు అడిగింది.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "రత్నా, మీవాళ్ళని మూడు రోజులు ఆలోచించుకోమంటే మూడు తరాలు కూర్చుంటారు. బడి లేదు, రోడ్డు లేదు, పురుటికి మనిషిని డోలీలో మోస్తున్నారు. వైద్యుడు రోగి దగ్గర ఓట్లు అడుగుతాడా? నీకు పాఠం గుర్తుంది కదా, మంచి అబద్ధం."

"గుర్తుంది సార్. మందు తాగేది మేం. కాపురం ఉండేది మేం. ఆ శిష్యుడి పాఠం కూడా మీరే చెప్పారు."

"చెప్పాను. పరీక్షలో రాయడానికి చెప్పాను" అన్నారు ఆయన నెమ్మదిగా. "రేపు మీ పిల్లలు నాకు దణ్ణం పెడతారు."

మంచి అబద్ధం చెప్పినవాడికి తెల్ల కారు కూడా ఇవ్వాలని ఆ ఏథెన్సు పెద్దాయన రాశాడో లేదో మనకి తెలియదు. రత్న అది అడగలేదు. వెళ్ళి తాత పక్కన ఆఫీసు మెట్టు మీద కూర్చుంది. ఆయనకి తెలియక జరిగి ఉంటే ఊట పోయినా ఓర్చుకునేది. తెలిసి చేశారు. తను బెంచీలో నిలబడి మురిసిపోతూ చెప్పిన మాటల్నే పుస్తకంలోంచి తీసి చేశారు.

విచారణ చేసే అధికారి బిందుమాధవి. చిన్న వయసు, గట్టి మనిషి, ఇరుపక్షాలనీ కూర్చోబెట్టింది. వీడియో చూద్దామంది. కిటికీలు మూశారు, దీపం ఆర్పారు. ఎదుటి తెల్ల గోడ మీద జీలుగువలస వెలిగింది. ముసలమ్మలు తమ బొమ్మలు తాము చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. గోడ మీద మాస్టారు "కంచె పడుతుంది" అన్నారు, గోడ మీద గాసి తాత ఊఁ అన్నాడు. బల్ల మీద కూర్చున్న గాసి తాత కూడా, ఎవరో మాట్లాడుతున్నారు కదా మర్యాద తప్పకూడదని, ఊఁ అన్నాడు. వరసలో మిగతావాళ్ళూ అన్నారు. చీకట్లో నీడలకి ఊఁ కొడుతున్న తనవాళ్ళని చూస్తే రత్నకి ఆ గుహ గుర్తొచ్చింది. ఆళ్ళని కట్టింది ఎవులు అని ఆ దసరా సెలవుల్లోనే అడిగాడు తాత. మాస్టారు మూడో కుర్చీలో గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

దీపం వేశాక అధికారి, "వీడియోలోనూ ఊఁ అన్నారు, ఇప్పుడూ ఊఁ అంటున్నారు. మీ అభ్యంతరం ఏమిటి?" అంది.

రత్న లేచింది. "మేడం, మాస్టారిని ఒక్క మాట అడగనివ్వండి. సార్, మా ఊళ్ళో ఊఁ అంటే ఏటో మీకు తెలుసా?"

మాస్టారు ఆమె వైపు చూడలేదు. అధికారి వైపు చూసి, "ఊఁ అంటే సమ్మతి మేడం. ఇరవై రెండేళ్ళు ఈ కొండల్లో పాఠం చెప్పాను" అన్నారు.

అనేశారు. ఎంత సులువుగా అన్నారంటే, హాజరు పట్టీలో పేరు చదివినట్టు అన్నారు. రత్నకి ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. "మేడం, మీ ఆఫీసులో మా భాష వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే పిలవండి. నేను తాతతో మాట్లాడతాను, వాళ్ళు మీకు తెలుగులో చెప్పాలి" అంది. అటెండరు స్వర్ణది అనంతగిరి పక్క పల్లె. వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

రత్న తాత ఎదురుగా వెళ్ళి తమ భాషలో నిదానంగా మొదలుపెట్టింది. ఒక్కొక్క మాటకీ ఆగింది, మాస్టారు ఆగినట్టే. "తాతా, మన ఇల్లు ఈ మేడంగారికి ఇచ్చేత్తన్నాం." ఊఁ అన్నాడు గాసి. "కోళ్ళు జగదీష్ బాబుకి ఇచ్చేత్తన్నాం." ఊఁ. "నీ పెళ్ళి మళ్ళీ సేత్తన్నాం, ఈ స్వర్ణతోటి." ఊఁ. స్వర్ణ తెలుగులో చెప్పబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. "రేపు పొద్దున నిన్ను గెడ్డలో ముంచేత్తాం." ఊఁ అన్నాడు తాత శ్రద్ధగా. తర్వాత కాసేపాగి, "అయిపోనాదా సెప్పడం? ఇంటికెళ్ళి ఆలోసించి సెప్తాను" అన్నాడు.

స్వర్ణ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అధికారి నవ్వలేదు. మాస్టారు రాయించిన కాగితం ఫైల్లోంచి తీసి పక్కన పెట్టి, "ఈ తీర్మానం చెల్లదు. వచ్చే నెల నేనే ఊరికి వస్తాను. మూడు రోజులూ ఉంటాను. మూడో రోజు చేట నా ఎదురుగా పెట్టండి" అంది. రత్న ఆ మాట మార్చి చెప్పింది. ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊఁ అనబోయి పక్కింటి రత్నాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పన్నెండుమందిలో ఒక్కరూ ఊఁ అనలేదు. "విన్నారా?" అని అధికారి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఊట దక్కేలాగే ఉంది. కానీ పరాయివాళ్ళు మాట్లాడుతుంటే ఊఁ కొట్టడానికి ఆ ఊరు భయపడడం అదే మొదలు.

బయటికి వచ్చాక జీపు కోసం ఎండలో నిలబడ్డారు. రత్నాలు తన సీసాలో నీళ్ళు రత్నకి ఇచ్చింది, తాగమంది. అప్పుడు వెనక గొడుగు చప్పుడయింది. గణపతిరావు మాస్టారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. మొహంలో కోపం లేదు. అదే, క్లాసులో మంచి జవాబు విన్నప్పటి వెలుగు.

"ఎంత బాగా వాదించావు" అన్నారు. "నేను ఇన్నేళ్ళు చెప్పిన పాఠం వృథా పోలేదు."

రత్న ఆయన్నే చూస్తోంది.

"అక్కడ నేను అలా అనక తప్పలేదు. నీకు తెలుసు కదా, నా మనసులో ఉన్నది మీ మేలే."

రత్న పెదవి కదపలేదు. గాసి తాతకి ఒళ్ళంతా అలవాటు కదా, గొంతులో ఊఁ వచ్చేసింది. మనవరాలి మొహం చూసి మింగేశాడు. మిగతావాళ్ళు కూడా చూస్తూ ఊరుకున్నారు.

"ఆ కుర్చీ నీకు అలాగే ఉందమ్మా" అన్నారు మాస్టారు. ఆగారు. ఇంకా ఆగారు. "వింటున్నావా రత్నా?"

జీపు వచ్చింది. రత్న తాత చెయ్యి పట్టుకుని ఎక్కించింది, తను ఎక్కింది. మాస్టారు గొడుగు తెరవడం మర్చిపోయి ఎండలో అలాగే నిలబడ్డారు. జీలుగువలసలో ఊఁ కొట్టకపోతే ఏమిటో పాడేరు మొత్తంలో పరాయివాళ్ళెవరికీ తెలియదు, ఆయనకి తప్ప. ఆయనకి చెప్పింది రత్నే, పన్నెండేళ్ళ కిందట, రెండో బెంచీలో నిలబడి.